స్కాట్లండ్ విడిపోవాలా వద్దా: ఓటు వేసేముందు కాగితం మీద పెట్టుకోవాల్సిన లెక్క

2014 సెప్టెంబరు 18న ఎడిన్‌బరాలో మా వీధి చివర ఉన్న ప్రైమరీ స్కూల్లో నేను ఓటు వేశాను. అప్పటికి నాది భారతదేశపు పాస్‌పోర్టే. కామన్వెల్త్ దేశాల వాళ్లు స్కాట్లండ్‌లో చట్టబద్ధంగా ఉంటుంటే ఓటు ఉంటుందన్నారు కాబట్టి జాబితాలో నా పేరుంది. గుర్తింపు కార్డు అడగలేదు, వేలికి సిరా పూయలేదు. ఒక పెన్సిల్, ఒక కాగితం. దాని మీద ఒకటే ప్రశ్న: స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా? కింద యెస్, నో అని రెండు గడులు.

అదే సంవత్సరం మా మేనమామ ఊరు ఎటపాక ఏ రాష్ట్రంలో ఉండాలో కూడా తేలింది. ఎటపాక భద్రాచలం పక్కనే, నడిచి వెళ్లేంత దూరం. ఫిబ్రవరిలో విభజన చట్టం వచ్చింది. మే నెలాఖరులో ఆర్డినెన్స్‌తో గీత జరిగింది. జులైలో పార్లమెంటు దాన్ని ఖాయం చేసింది. పోలవరం ముంపు పేరు మీద ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. మామయ్యని ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను మాత్రం, నేను పుట్టని దేశంలో, పెన్సిల్ ఇచ్చి మరీ అడిగారు.

అందుకే ఆ ఓటును నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. మూడు వారాల పాటు రాత్రిళ్లు వంటగదిలో కూర్చుని ఒక పెద్ద కాగితం మీద గడులు గీసి రాసుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయికి పదహారు నిండాయి. హోలీరూడ్ అని పిలిచే స్కాట్లండ్ పార్లమెంటు ఎన్నికల్లో తనకు ఓటుంది. ‘నువ్వు అప్పుడు ఎలా తేల్చుకున్నావమ్మా’ అని అడిగితే ఆ కాగితం తీసి చూపించాను. ఇక్కడున్న మన వాళ్లకూ, ఇలాంటి ప్రశ్న ఎదురయ్యే ఇంకెవరికైనా పనికొస్తుందని ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. యెస్ వేయమనో నో వేయమనో చెప్పడం దీని పని కాదు. నేను ఏం వేశానో, ఎందుకు వేశానో మాత్రం దాచను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. తెలంగాణతో దీన్ని నేరుగా పోల్చొద్దు. 2014లో మన వాళ్లలో చాలామంది ఆ పొరపాటే చేశారు. హైదరాబాద్ వాళ్లు యెస్ అనీ, గుంటూరు వాళ్లు నో అనీ ముందే అనేసుకున్నారు. తెలంగాణ వచ్చినప్పుడు రూపాయి మారలేదు, సైన్యం మారలేదు, పాస్‌పోర్టు మారలేదు, సుప్రీంకోర్టు మారలేదు. స్కాట్లండ్ విషయంలో మారేవి సరిగ్గా ఇవే. అక్కడి నుంచి తెచ్చుకోదగ్గ పాఠం ఒకటుంది. విడిపోవడం ఒక రోజు పని, పంచుకోవడం ఏళ్ల పని. విభజన చట్టంలోని తొమ్మిదో, పదో షెడ్యూళ్లలో ఉన్న సంస్థల పంపకం పదేళ్లు దాటినా పూర్తిగా తేలలేదు. ఈ పాఠం పక్కన పెట్టుకుని కాగితం తీయండి.

మీ కష్టం ఎవరి చేతిలో ఉందో ముందు రాయండి

కాగితం ఎడమవైపు మీకు నిజంగా బాధ కలిగించే విషయాలు రాయండి. టీవీలో విన్నవి వద్దు, మీ ఇంట్లో జరిగినవి రాయండి. కుడివైపు, ఆ విషయం మీద అధికారం ఎవరిదో రాయండి.

స్కాట్లండ్ ఖాళీ చేతులతో బయల్దేరడం లేదు. 1707లో ఇంగ్లండ్‌తో కలిసినప్పుడే తన న్యాయవ్యవస్థను, చర్చిని విడిగా నిలుపుకుంది, బడులూ మొదటి నుంచీ వేరే. 1997లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 74 శాతం మంది సరే అన్నాక 1999లో సొంత పార్లమెంటు వచ్చింది. అందులో 129 మంది సభ్యులు. ఆసుపత్రులు, చదువులు, పోలీసు, ఇళ్ల విధానం, ఇప్పుడు ఆదాయపు పన్నులో పెద్ద భాగం, ఇవన్నీ హోలీరూడ్ చేతిలోనే ఉన్నాయి. మందుల చీటీకి డబ్బు కట్టకపోవడం, ఇక్కడి పిల్లలకు యూనివర్సిటీ ఫీజు లేకపోవడం అందువల్లే. రక్షణ, విదేశాంగం, పౌండు, వీసాలు, ప్రభుత్వ పెన్షన్ లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ చేతిలో ఉన్నాయి.

నా కాగితంలో మొదటి వరుస మా అమ్మ. నాన్న పోయాక అమ్మను ఇక్కడికి తెచ్చుకుందామంటే 2012 జులైలో వచ్చిన నిబంధనలు దాదాపు తలుపు మూసేశాయి. పెద్దవాళ్లకు రోజువారీ పనులకు కూడా మనిషి సాయం కావాల్సిన స్థితి ఉండాలి, ఆ సాయం ఇండియాలో ఎంత డబ్బు పెట్టినా దొరకదని నిరూపించాలి. ఆ బాధ వెస్ట్‌మిన్‌స్టర్ గడిలో పడింది. రెండో వరుస, ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ కోసం మా ఆయన నెలల తరబడి ఎదురుచూడటం. అది హోలీరూడ్ గడిలో పడింది, అంటే స్వతంత్రం వచ్చినా రాకపోయినా ఆ పని చేయాల్సింది ఎడిన్‌బరా ప్రభుత్వమే. అంతవరకు నేను రెండు బాధలకూ ఒకే లండన్‌ను తిట్టుకుంటూ ఉన్నాను. ఈ ఒక్క పని చేసినా సగం టెన్షన్ తగ్గుతుంది. దేని కోసం ఓటు వేస్తున్నారో మీకే కనిపిస్తుంది.

జమాఖర్చు

ఏటా ఆగస్టులో స్కాట్లండ్ ప్రభుత్వమే ఒక లెక్క ప్రచురిస్తుంది. దాన్ని అందరూ గెర్స్ అంటారు. స్కాట్లండ్‌లో ఎంత పన్ను వసూలైంది, స్కాట్లండ్ కోసం ఎంత ఖర్చయింది అనేది అందులో ఉంటుంది. విడిపోవాలనే పార్టీ అధికారంలో ఉన్నప్పుడు కూడా ఆ ప్రభుత్వమే విడుదల చేసే లెక్క కాబట్టి, ఇది లండన్ కుట్ర అని కొట్టిపారేయకండి.

2023-24లో ఆ తేడా 2,270 కోట్ల పౌండ్లు. స్కాట్లండ్ ఆర్థిక వ్యవస్థలో 10.4 శాతం. అదే సంవత్సరం మొత్తం బ్రిటన్‌కు ఈ లోటు నాలుగున్నర శాతం దగ్గర ఉంది. మనిషికి లెక్కేస్తే స్కాట్లండ్‌లో ప్రభుత్వ ఖర్చు బ్రిటన్ సగటు కంటే 2,400 పౌండ్లకు పైగా ఎక్కువ. కొండలూ దీవులూ ఎక్కువ, జనం పలచన, ఖర్చు ఎక్కువవడంలో వింత లేదు.

యెస్ వైపు వాళ్లు దీనికి చెప్పే జవాబు కూడా వినాలి. ఇది కలిసున్న ఇంటి లెక్క, వేరు కాపురం పెట్టాక మా ఖర్చులు మేమే నిర్ణయించుకుంటాం అంటారు. గ్లాస్గోకు దగ్గర్లోని ఫాస్లేన్‌లో ఉన్న అణు జలాంతర్గాముల స్థావరాన్ని ఉదాహరణగా చూపిస్తారు. మాట న్యాయమే. కానీ అంత తేడా ఒక్క రక్షణ ఖర్చు తగ్గిస్తే పూడదు. మొదటి కొన్నేళ్లు పన్నులు పెరగాలి, లేదా ఖర్చు తగ్గాలి, లేదా అప్పు చేయాలి. ఆ కొన్నేళ్లు మీ ఇల్లు ఓర్చుకోగలదా అన్నది ఈ గడిలో రాయండి. ‘అవును, ఓర్చుకుంటాం’ అనేది కూడా గౌరవించదగ్గ జవాబే. కష్టమే ఉండదని చెప్పేవాళ్లను నమ్మొద్దు, అంతే.

చమురును ఈ లెక్కలో పైసంపాదనగా మాత్రమే చూడండి. స్వతంత్రం ఎలా ఉంటుందో చెబుతూ 2013 నవంబరులో స్కాట్లండ్ ప్రభుత్వం 650 పేజీలు దాటిన పెద్ద పుస్తకం వేసింది. అందులో పీపా చమురు సుమారు 110 డాలర్లుంటుందని అనుకున్నారు. ఓటింగ్ అయిన నాలుగు నెలలకు ధర 50 డాలర్ల కిందికి వచ్చింది. స్వతంత్ర దినంగా వాళ్లు రాసుకున్న తేదీ 2016 మార్చి 24. ఆ నెలలో ధర 40 దగ్గర ఆడుతోంది. యెస్ గెలిచి ఉంటే కొత్త దేశం ఆ ధరతో పుట్టేది. అబర్డీన్‌లో చమురు కంపెనీల్లో పనిచేసే మన తెలుగు కుర్రాళ్లు ఎందరో ఆ రెండేళ్లలో ఉద్యోగాలు పోగొట్టుకుని వెనక్కి వెళ్లారు. ఆ ఇళ్లల్లో సామాను అమ్మకాలకు నేను వెళ్లాను. మా ఇంట్లో ఉన్న బీరువా అలా వచ్చిందే.

ఇంకొకటి, చిన్న దేశం బతకలేదనే మాట. ఇది తప్పు. స్కాట్లండ్ జనాభా 55 లక్షలు. నార్వే, డెన్మార్క్, ఐర్లండ్ అన్నీ ఆ కొలతవే. ఐస్‌లండ్‌లో నాలుగు లక్షల మంది కూడా లేరు. 1944 నుంచి సొంత దేశంగానే నడుస్తోంది. జనం ఎంతమంది అన్నది అడ్డంకి కాదు. మొదటి రోజు చేతిలో ఏముంటుంది అన్నదే ప్రశ్న.

డబ్బు పేరేమిటి

నా కాగితంలో ఎక్కువసార్లు కొట్టేసి రాసిన గడి ఇదే. దీని మీద మీరు కూడా ఎక్కువ సమయం పెట్టండి.

దారులు మూడు. లండన్‌తో ఒప్పందం చేసుకుని పౌండును ఇద్దరూ వాడుకోవడం ఒకటి. ఒప్పందం లేకుండానే పౌండు వాడుకోవడం రెండోది. సొంత నాణెం మూడోది. 2014లో యెస్ వైపు మొదటి దారి చూపించింది. ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ ఎడిన్‌బరా వచ్చి, విడిపోతే పౌండు పంచుకోం అని చెప్పి వెళ్లాడు. అది బెదిరింపేననీ, గెలిచాక వాళ్లే దిగొస్తారనీ యెస్ వైపు వాళ్లు అన్నారు. నిజంగానే దిగొచ్చేవాళ్లేమో. కానీ నా ఇంటి లోన్‌ను అవతలివాడు దిగొస్తాడన్న నమ్మకం మీద పెట్టలేను కదా.

రెండో దారి పక్కింటి బావిలో నీళ్లు తోడుకోవడం లాంటిది. వాళ్లు అడ్డుచెప్పకపోవచ్చు. కానీ ఎండాకాలంలో బావి ఎప్పుడు పూడిక తీయాలో, ఎంత లోతు తవ్వాలో నిర్ణయించేది వాళ్లే. వడ్డీ రేటు లండన్‌లో పెరుగుతుంది, మీరు కడతారు. మీ బ్యాంకు కూలిపోయే స్థితి వస్తే ఆదుకోవడానికి నోట్లు అచ్చువేసే అధికారం మీ ప్రభుత్వానికి ఉండదు.

మూడో దారిలో స్వేచ్ఛ ఉంది, భయమూ ఉంది. చెకోస్లవేకియా కథ చూడండి. 1993 జనవరి 1న చెక్, స్లొవాక్ దేశాలు గొడవ లేకుండా విడిపోయాయి. కొంతకాలం ఒకే నాణెం వాడుకుందామని అనుకున్నాయి. స్లొవాక్ నాణెం విలువ తగ్గుతుందన్న భయంతో జనం డబ్బు చెక్ వైపు తరలించడం మొదలుపెట్టారు. ఆరు వారాలు కూడా గడవలేదు, ఫిబ్రవరి 8న నాణేలు వేరయ్యాయి. కొత్త నోట్లు అచ్చయ్యేదాకా పాత నోట్ల మీద చిన్న స్టాంపులు అంటించి వాడారు. స్లొవేకియా మునిగిపోలేదు. 2009లో యూరోలో చేరింది. పని జరుగుతుంది. కాకపోతే మొదటి వారాలకు సరిపడా ఏర్పాటు ముందే ఉండాలి.

మీరు చేయాల్సిన పని ఇది. నాలుగు వరుసలు రాయండి: జీతం ఏ డబ్బులో వస్తుంది, అప్పు ఏ డబ్బులో ఉంది, దాచుకున్నది ఏ డబ్బులో ఉంది, ఊరికి పంపేది ఏ డబ్బు నుంచి. ఇప్పుడు నాలుగూ పౌండ్లే. సొంత నాణెం వచ్చాక జీతం మాత్రం కొత్త డబ్బులోకి మారి, అప్పు పౌండ్లలో ఉండిపోతే, కొత్త నాణెం విలువ పదో వంతు పడినా మీ వాయిదా ఆ మేరకు బరువెక్కుతుంది. మా ఇంటి లోన్‌కు ఇంకా ఇరవై ఒక్క ఏళ్లున్నాయి అప్పుడు. ఆ అంకె రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

2022 అక్టోబరులో స్కాట్లండ్ ప్రభుత్వం ఇచ్చిన కొత్త పత్రం ఈ విషయంలో పాతదాని కంటే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. మొదట పౌండు, ఆ తర్వాత వీలైనంత త్వరగా స్కాటిష్ పౌండు అని అందులో చెప్పారు. మారే తేదీ మాత్రం రాయలేదు. మీరు అడగాల్సింది ఆ తేదీ కోసమే.

పెన్షన్

నేను పెన్షన్ లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. 2014 వేసవిలో మాకు వచ్చిన ఫోన్లలో చాలావాటికి మూలం ఒకటే ప్రశ్న. ఎడిన్‌బరాలోని లీత్ నుంచి ఒక పెద్దావిడ రెండు వారాల్లో మూడుసార్లు చేసింది. ‘సోమవారం నా డబ్బు ఎవరు పంపుతారమ్మా’ అనేది. ఆవిడకు నేను చెప్పిందే మీకూ చెబుతాను.

మన జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్స్ అని పట్టుకునే డబ్బు మన పేరున ఒక డబ్బాలో పడి ఉండదు. ఈ రోజు కట్టేవాళ్ల డబ్బు ఈ రోజు తీసుకునేవాళ్లకు వెళ్తుంది. కాబట్టి విడిపోయాక పాత సంవత్సరాల బాధ్యత ఎవరిదన్నది రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చుకోవాల్సిన బేరం. ఆపేయడం ఏ ప్రభుత్వానికీ రాజకీయంగా సాధ్యం కాదు, అది నిజం. ఎంత పెరుగుతుంది, ఏ వయసుకు వస్తుంది, ఏ డబ్బులో వస్తుంది అనేవే తేలనివి. స్కాట్లండ్‌లో ముసలివాళ్ల సంఖ్య పెరుగుతోంది, పనిచేసే వయసువాళ్లు బయటి నుంచి రావాలి. వలసల మీద అధికారం సొంతంగా కావాలని యెస్ వైపు అడగడంలో ఉన్న బలమైన కారణం ఇదే. మా అమ్మ వరుస, ఈ వరుస అలా కలిశాయి.

చేయాల్సింది: మీ ప్రభుత్వ పెన్షన్ రికార్డు ఇప్పుడే ఆన్‌లైన్‌లో తీసి ప్రింటు పెట్టుకోండి, ఎన్ని సంవత్సరాలు కట్టారో చూసుకోండి. కంపెనీ పెన్షన్ ఉంటే ఆ పథకం ఎక్కడ రిజిస్టరైందో ఉత్తరం రాసి అడగండి. యెస్, నో ఏది వచ్చినా ఈ కాగితాలు పనికొస్తాయి.

గీత ఎక్కడ పడుతుంది

ఇక్కడ మా మామయ్య ఊరికి తిరిగి వెళ్లాలి. భద్రాచలం రాముడి గుడి తెలంగాణలో ఉంది. గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది. పట్టణం చుట్టూ ఉన్న ఖాళీ నేల అవతలి రాష్ట్రానిదయింది కాబట్టి చెత్త వేయడానికి చోటు కూడా సమస్యే అయింది. మామయ్యకు జ్వరం వస్తే భద్రాచలం ఆసుపత్రికి, పట్టాదారు కాగితం కావాలంటే కాకినాడకు, 2022లో జిల్లాలు మారాక పాడేరుకు వెళ్లేవాడు. ఖమ్మం అయితే పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి చేరేవాడు. ఎటపాక, గుండాల లాంటి అయిదు పంచాయతీల వాళ్లు మమ్మల్ని తిరిగి తెలంగాణలో కలపండని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఇదంతా ఒకే దేశం లోపల, తనిఖీలు లేని గీత మీద జరిగింది.

స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య గీత పొడవు సుమారు 154 కిలోమీటర్లు. 2014లో దాని గురించి నేను పెద్దగా రాయలేదు. రెండు వైపులా యూరోపియన్ యూనియన్‌లో ఉంటాయనుకున్నాం కాబట్టి సరుకు మీద తనిఖీ ప్రశ్నే లేదు. 2016 జూన్ 23న యూనియన్ నుంచి వెళ్లిపోవాలని బ్రిటన్ ఓటు వేశాక ఈ గడి అంతా మారిపోయింది. బ్రిటన్ యూనియన్ నుంచి వెళ్లిపోయింది. స్కాట్లండ్ విడిపోయి మళ్లీ యూనియన్‌లో చేరితే ఇంగ్లండ్‌తో సరుకుల సరిహద్దు వస్తుంది. స్కాట్లండ్ బయటికి అమ్మే సరుకులు, సేవల్లో సుమారు 60 శాతం మిగతా బ్రిటన్‌కే వెళ్తాయి. మనుషుల రాకపోకలకు ఐర్లండ్‌తో ఉన్నట్టే ఏర్పాటు ఉండొచ్చు, లారీలకు ఉండదు.

మీ గడిలో ఇవి రాయండి: గీతకు అవతల మీ వాళ్లెవరున్నారు, నెలకు ఎన్నిసార్లు దాటుతారు, మీ యజమాని సరుకు ఎటు వెళ్తుంది. మా చెల్లెలు న్యూకాజిల్‌లో ఉంటుంది. మా ఇంటికి ఆవకాయ, గోంగూర వచ్చేది అక్కడి తెలుగు కొట్టు నుంచే. చిన్న విషయమే. కానీ సరిహద్దు మీదికి వచ్చేది ఇలాంటి చిన్న విషయాల రూపంలోనే.

ఎవరి మాటకు ఎంత విలువ కట్టాలి

కాగితంలో చివరి నిలువు గడికి ‘రాతలో ఉందా’ అని పేరు పెట్టండి. పై వాటిల్లో ప్రతి హామీ ఎదురుగా మూడింట్లో ఒకటి రాయండి: చట్టంలో ఉంది, నాయకుడు చెప్పాడు, గెలిచాక బేరమాడాలి.

ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరి 20న సాక్షాత్తూ ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చెప్పారు. చట్టంలో రాయలేదు. హోదా రాలేదు. దానికి దాదాపు ఏడు నెలల తర్వాత స్కాట్లండ్‌లో ఓటింగ్‌కు రెండు రోజుల ముందు లండన్‌లోని మూడు పెద్ద పార్టీల నాయకులు కలిసి, నో వేస్తే మరిన్ని అధికారాలిస్తామని ఒక పత్రిక మొదటి పేజీలో సంతకాలు పెట్టారు. మాటకు కట్టుబడి 2016లో చట్టం చేశారు. అది చాలిందా లేదా అని ఇప్పటికీ వాదన ఉంది. ఇంకో హామీ మాత్రం నిలబడలేదు. నో వేస్తేనే యూరోపియన్ యూనియన్‌లో భద్రంగా ఉంటారని నో వైపు వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. రెండేళ్లు తిరక్కుండానే స్కాట్లండ్‌లో 62 శాతం మంది ఉందామని ఓటు వేసినా, మొత్తం బ్రిటన్ లెక్కలో వెళ్లిపోవాల్సి వచ్చింది. నేను నో వేసిన కారణాల్లో అదొకటి. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు.

అసలు ఓటు పెట్టే అధికారం ఎవరిదన్నది కూడా ఇందులోనే రాయండి. 2014 ఓటుకు దారి తీసింది 2012 అక్టోబరులో అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్, స్కాట్లండ్ ప్రభుత్వాధినేత సాల్మండ్ ఎడిన్‌బరాలో పెట్టిన సంతకాలు. ఆ అనుమతి లేకుండా స్కాట్లండ్ పార్లమెంటు సొంతంగా ఓటు పెట్టలేదని 2022 నవంబరు 23న బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అనుమతి లేకుండా పెడితే ఏమవుతుందో 2017లో స్పెయిన్‌లోని కాటలూన్యా చూపించింది: పోలీసు లాఠీలు, జైళ్లు, చేతికి రాని దేశం. ఉత్తర ఐర్లండ్‌కు మాత్రం 1998 ఒప్పందంలోనే దారి రాసి ఉంది. మెజారిటీ వచ్చేలా ఉందని లండన్ మంత్రికి అనిపిస్తే ఓటు పెట్టి తీరాలి. స్కాట్లండ్‌కు అలాంటి దారి రాసి ఉండకపోవడం అన్యాయమని నేను నమ్ముతాను. ఇష్టపడి కలిసున్నామని చెప్పుకునే చోట వెళ్లే దారి కూడా చెప్పాలి. నో వేసిన మనిషిగా ఈ మాట అంటున్నాను.

ఎంత మెజారిటీ కావాలనేదీ ఆలోచించండి. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయేటప్పుడు వద్దన్నవాళ్లు దేశం మొత్తం మీద 184 మంది. 1995లో క్విబెక్‌లో కెనడాలోనే ఉందామన్న వాళ్లు 50.58 శాతంతో గట్టెక్కారు. 2006లో మాంటెనెగ్రోకు 55 శాతం కావాలని ముందే షరతు పెడితే 55.5 వచ్చింది. స్కాట్లండ్‌కు ఇందులో చేదు అనుభవం ఉంది. 1979లో సొంత సభ కావాలని ఎక్కువమందే ఓటు వేసినా, మొత్తం ఓటర్లలో 40 శాతం ఉండాలన్న షరతు వల్ల రాలేదు. అందుకే గీతను పైకి జరపమని నేను అడగను. సగానికి ఒకటి ఎక్కువైతే గెలిచినట్టే. కానీ ఆ ఒక్క ఓటుతో గెలిచిన దేశంలో పక్కింటివాళ్లతో ఎలా ఉంటామో ఊహించుకుని మరీ ఓటు వేయండి.

మనసు మాట

ఈ గడులన్నీ నింపాక వేరే కాగితం తీయండి. ఇందులో అంకెలు వద్దు. మా పై అంతస్తులో ఉండే రిటైరైన టీచరమ్మ యెస్ మనిషి. ‘తప్పు చేసినా అది మా తప్పు కావాలి’ అనేది. తెలంగాణ వాళ్లు ఆత్మగౌరవం అన్నది నాకు ఆవిడ నోట ఇంగ్లీషులో వినిపించింది. దాన్ని అంకెలతో కొట్టేయలేం, కొట్టేయకూడదు. మీకు ఆ భావం ఉంటే దాని కోసం పైన రాసిన కష్టాల్లో ఏవేవి మోస్తారో దాని కింద రాయండి.

మనం బయటి నుంచి వచ్చినవాళ్లం, వాళ్ల ఇంటి విషయంలో మనమెందుకు అని కొందరు మిత్రులు ఓటు మానేశారు. నేను ఒప్పుకోలేదు. పుట్టిన చోటును బట్టి కాక ఉంటున్న చోటును బట్టి ఓటు ఇవ్వాలని స్కాట్లండ్ నిర్ణయించుకుంది. లండన్‌లో ఉంటున్న స్కాట్లండ్ మనిషికి ఓటు లేదు, లీత్‌లో ఉంటున్న ఖమ్మం మనిషికి ఉంది. అంత మర్యాద చేసి అడిగినప్పుడు జవాబు చెప్పాలి.

2014లో నా కాగితంలో డబ్బు గడి ఎదురుగా ‘గెలిచాక బేరమాడాలి’ అని ఉంది. అందుకని నో వేశాను. అటు 16,17,989 మంది, ఇటు 20,01,926 మంది. ఓటర్లలో దాదాపు 85 శాతం మంది వచ్చారు. తెల్లారి బస్సులో ఎవరూ మాట్లాడుకోలేదు. పై అంతస్తు టీచరమ్మ రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు పులిహోర పట్టుకుని వెళ్లాను, కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

ఈ రోజు మళ్లీ అడిగితే? సొంత నాణెం ఎప్పుడు వస్తుందో తేదీతో రాసి ఉండాలి. విడిపోయాక లండన్‌తో కుదిరిన ఒప్పందాన్ని మళ్లీ జనం ముందు ఓటుకు పెడతామని చట్టంలో ఉండాలి. ఈ రెండూ ఉంటే యెస్ వేస్తాను. లేకపోతే ఇంకోసారి నో.

మా అమ్మాయి కాగితంలో ఇప్పుడు యెస్ అని ఉంది. యూరప్ గడి అన్నిటికంటే ముందు నింపింది. జమాఖర్చు గడిలో గెర్స్ అంకెలు నాకంటే జాగ్రత్తగా ఎక్కించింది. సరిహద్దు గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. వేసవి సెలవుల్లో ఎటపాక వెళ్తున్నాం. మా మామయ్యతో కలిసి కాగితాల కోసం జిల్లా కేంద్రం దాకా బస్సులో ఒకసారి వెళ్లొచ్చాక రాస్తానంది.